నూట పదేళ్ళ దీవెన

ప్వెర్తో మోంత్‌లో వానకి సెలవుల్లేవు.
మా పింఛను కంపెనీ అద్దాల తలుపు తోసుకుని
ఒతీలియా వేనుమాన్ వచ్చింది.
నిన్నటితో అరవై నిండాయట.
రబ్బరు బూట్లు గుమ్మం బయట విప్పబోతుంటే
వద్దమ్మా, ఇక్కడికి అందరూ తడిసే వస్తారన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు సాల్మన్ చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టింది.
ప్రతి జీతంలో పదో వంతు
ఆమె చేతికి తగలకముందే
మా కంప్యూటర్లోకి ఈదుకొచ్చేది.
"పది చేపలు కోస్తే ఒకటి నాది కాదనుకునేదాన్ని.
కాదు, దాచినదొక్కటే నీదన్నారు మీరు.
సరే, ఏదీ, చూపించు."

తెర ఆమె వైపు తిప్పాను.
నెలకో గడి. మధ్యమధ్య ఖాళీలు.
డబ్బు పడని నెలల్ని మేం మడుగులంటాం.

ఈ మడుగేమిటి?
చేపలకు జబ్బు తగిలి ఫ్యాక్టరీ మూసిన పద్నాలుగు నెలలు.
ఇది?
చంటిపిల్లాడితో ఇంట్లో ఉన్నా.
మరి ఇది?
"ఆ ఏడు పనిచేశాను.
జీతంలో కోశారు కూడా.
చీటీలు బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి, తెమ్మంటే తెస్తా."

దానికి నా దగ్గరో కోడ్ ఉంది:
యజమాని చూపించాడు, చెల్లించలేదు.
కోడ్ పైకి చదివాను.
ఆమె బూటు కొసనించి
కారుతున్న నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

చివరి మడుగు తనే తవ్వుకుంది,
మహమ్మారి రోజుల్లో, తీసుకోవచ్చన్నప్పుడల్లా,
మూడుసార్లు.
"ఇంటిమీద రేకులు వేయించాను.
అవి మాత్రం కారడం లేదయ్యా."

మిగిలింది కోటీ ఎనభై లక్షల పెసోలు.
వినడానికి బానెడు.
దాన్ని ఆమె ఇంకా బతకబోయే నెలలకు పంచాలి.
ఎన్ని నెలలో ఆమెకు తెలీదు, నాకు తెలీదు,
పట్టికకు తెలుసట.
పట్టిక చివరి గడిలో నూట పది.

"నూట పదేళ్ళా?"
పక్క కిటికీ వాళ్ళు తిరిగి చూసేలా నవ్వింది.
"మా అమ్మ కూడా నన్నింతగా దీవించలేదు!"

నిండు నూరేళ్ళూ చాలక
పైన మరో పదేళ్ళు వడ్డించే పట్టిక అది.
ఆయుష్షు పోసేకొద్దీ
చారు పలచనౌతుంది.

నెలకు ఎనభై తొమ్మిది వేలు.
చలికాలం పొయ్యి కట్టెలకే సగం.
ప్రభుత్వం కొంత కలుపుతుంది, అది వేరే కిటికీ,
ఆమెకి అరవై ఐదొచ్చాక.

వేలిముద్ర పెట్టమన్నాను.
యంత్రం ఆమెను గుర్తుపట్టలేదు.
మంచూ ఉప్పూ కలిసి
వేలి గీతల్ని ఎప్పుడో తినేశాయి.
పావడాకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది.
మళ్ళీ.
ఎడమ చేతి చిటికెన వేలు దగ్గర
చివరికి ఒప్పుకుంది.

తర్వాతి నంబరు పిలిచాను.

ఆ రాత్రి
నా ఖాతా తెరిచి చూశాను మొదటిసారి.
ముప్పై నాలుగేళ్ళు నాకు.
మడుగులు, ఇప్పటికి, రెండు.
రెండోది నేను పనిచేసిన నెలే.