టీ ఖర్చు: 4,380

వినియోగ పత్రంలో పదకొండో వరుస దగ్గర
ఆడిట్ సారు పెన్ను ఆగింది.
"టీ ఖర్చు, నాలుగు వేల మూడు వందల ఎనభై.
బిల్లులేవమ్మా?"

ఫ్లెక్సీకి బిల్లుంది, జీఎస్టీతో సహా.
'సామాజిక సమ్మిళితం' అనే మాటను
తోతాపురి కాయలంత అక్షరాలతో అచ్చేయించాం.
ప్రారంభం రోజు గాలికే అది చిరిగితే
మొగిలప్ప తీసుకుపోయి వానకు ఇంటిమీద కప్పుకున్నాడు.
దాని గురించి సారు అడగలేదు.
కుర్చీల అద్దెకు బిల్లుంది, శాలువాలకుంది,
ఒక పూట మాట్లాడిపోయిన పెద్దమనిషి కారు డీజిలుకుంది.
టీకి లేదు.

చిత్తూరులో, బెల్లం మండీకి పోయే దోవలో
దొరస్వామి బండి.
గాజు గ్లాసులు వరసగా బోర్లించి ఉంటాయి,
పేపర్ కప్పులు కింద సంచిలో.
గ్లాసులు అందరికీ.
కప్పులు మావాళ్ళకి.
బోర్డేం లేదు. దొరస్వామి చెడ్డవాడూ కాదు.
మావాళ్ళు కనబడితే ఆ చెయ్యి దానంతటదే
సంచిలోకి పోతుంది.

మావాళ్ళంటే ఆరుగురు.
మొగిలప్పకు జబ్బు నయమై పద్దెనిమిదేళ్ళు,
సర్టిఫికెట్టుంది, వేళ్ళు లేవు.
అప్పు కింద ఏడేళ్ళు మామిడితోపుకు కాపలా ఉండి
బయటపడిన యానాది చెంచయ్య, ఆయన భార్య పోలి.
పాకాల రైల్లో చప్పట్లు మానేసి
మా కుట్టుమిషను దగ్గర కూర్చున్న నదియా.
మాటలు రాని అమరేశు.
ఇంకొకామె. రిజిస్టర్లో శాంతి అని రాసుకున్నాం.
అది ఆమె పేరు కాదు.

రోజూ అయిదున్నరకు లెక్కల పుస్తకం మూసి
వాళ్ళతో నడిచిపోయి చెప్పేదాన్ని:
"ఏడు టీలు. గ్లాసుల్లో."
ఏడోది నా డబ్బుతో.
డెబ్బై మూడు సాయంత్రాలు.
మొదటి రోజు బెంచీ మీదినించి ఇద్దరు లేచిపోయారు.
మూడోవారం ఒకాయన లేవలేదు.
ఫోను మాట్లాడుతున్నాడు, మరిచిపోయి ఉంటాడు.
మొగిలప్ప కాలే గ్లాసుకు తువ్వాలు చుట్టి
రెండు అరచేతుల నడుమ ఇరికించుకుని
ఎవరో ఇచ్చిన పసిబిడ్డను పట్టుకున్నట్టు
కదలకుండా కూర్చునేవాడు.

"సమ్మిళితమంటే ఏందిమ్మా?" అన్నాడొకనాడు.
అందరూ కలిసి, అంటే, ఎవర్నీ వేరు చేయకుండా
అని నేను నట్లు కొడుతుంటే
"సంగటి అని చెప్పు.
ఉడికే బియ్యంలో పిండి పోసి తెడ్డుతో గెలికినాక
ఏది బియ్యమో ఏది రాగో మళ్ళా ఎవుడు ఏరతాడు?"
కొంచెం సేపయ్యాక తనే అన్నాడు,
"ఉండలు కట్టకుండా గెలకాల. చెయ్యి నొస్తాది."

ఇదంతా సారుకు చెప్పలేదు.
"తోపుడు బండి సార్, రశీదులివ్వడు" అన్నాను, అంతే.
ఆయనా మంచివాడే.
ఎర్రసిరాతో సన్నటి గీత, పక్కన
'అనుమతించబడలేదు.'

రెండో విడత ఆ గీతకు అవతల ఉండిపోయింది,
ఏ ఆఫీసులో ఏ బల్ల మీదుందో
ఫోనెత్తినవాళ్ళెవరూ చెప్పలేదు.
ఆఫీసుకు మూడు నెలల అద్దె బాకీ,
కుట్టుమిషను మీద గోనెపట్టా.
నా జీతాన్ని 'చెల్లించవలసినవి' కింద నేనే రాసి
ఆ నాలుగు వేల మూడు వందల ఎనభైని
అందులోంచి నేనే కోసుకున్నాను.
లెక్క సరిపోయింది.

నిన్న మండీ వైపు పోతూ
బండికి ఇవతలే ఆగిపోయాను.
మొగిలప్ప ఒక్కడే వచ్చాడు.
బెంచీ చివరన కాదు, నడుమ కూర్చున్నాడు,
అటొకడు, ఇటొకడు.
గ్లాసూ తువ్వాలూ. ఒక గుక్క తాగి
మొహం చిట్లించి
"ఏంది దొరసామీ, చక్కెర యాడ పెట్టినావు, గల్లాలోనా?"

బెంచీ అంతా నవ్వింది.
దొరస్వామి ఏదో గొణుక్కుంటూ
ఆ గ్లాసులో ఇంకో చెంచాడు పోసి
అడుగుదాకా గెలికాడు.