తోకున్న అక్షరం

కెలిమానె నోటరీ ఆఫీసులో
ఫ్యాను తిరగదు. రబ్బరు ముద్ర తిరుగుతుంది,
చేతి నుంచి చేతికి.

నా పేరు దెయొలిందా. పత్రాలు టైపు చేస్తాను.
పదిహేడేళ్ళుగా ఈ తీరం కౌళ్ళన్నీ
నా వేళ్ళ కిందుగానే వెళ్ళాయి.

ఒకే కొబ్బరితోటకి ఈసారి రెండు సంచులొచ్చాయి.
బూసాన్ సంచిలో డబ్బు ఎక్కువ. మర్యాద ఇంకా ఎక్కువ.
కానీ ప్రతి పేజీకీ అనువాదం కావాలి.
మపూతో వెళ్ళి, వానలో నాని,
పన్నెండు రోజులకి తిరిగొచ్చేది పేజీ,
ఒక సంతకం తక్కువై.

లిస్బన్ సంచికి ఆ బాధ లేదు.
మా చట్టం వాళ్ళ చట్టానికి కూతురు,
అదే ముక్కు, అదే మొండితనం,
కామాలు కూడా తల్లి పెట్టినచోటే పెడుతుంది.

వచ్చినాయన గొన్సాలు సెకైరా. ఎండకి కందిన మెడ.
ఈ ఊరు రావడం ఇదే మొదలట.
అయినా పాత బావి దగ్గరికి
ఎవర్నీ అడక్కుండా నడిచాడు,
వాళ్ళ తాత గీసుకున్న పటం పట్టుకుని.
"ఈ నేల మాకు తెలుసు," అన్నాడు.

తెలుసు.
మా తాత వీపుకీ వాళ్ళ తాత బెత్తానికీ
బాగా పరిచయం.
కాయల లెక్క తప్పిన రాత్రి గంజి ఉండేది కాదు.

ఒప్పందం మొదటి పేజీలో రాశారు:
'రెండు దేశాల చారిత్రక బంధాలు'.
బంధాన్ని పోర్చుగీసులో లాసు అంటాం.
ఉచ్చుని కూడా.
అందులో తోకున్న అక్షరం ఒకటుంది,
ఆ మీట నా మిషన్లో ఎప్పుడూ ఇరుక్కుంటుంది.
గోరుతో లేపి, మళ్ళీ కొట్టాను.

వెళ్ళేముందు బూసాన్ ఆయన, బ్యోన్ గారు,
నా బల్ల దగ్గర ఆగాడు.
"మేం ఎక్కడ తప్పు చేశాం?"

మీ తాత ఇక్కడ ఎవర్నీ కొట్టలేదు కదండీ
అనబోయి
"వానలండీ," అన్నాను.
గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం మా తమ్ముడు జకరియాష్ పనిలో చేరాడు.
కొత్త బూట్లు. జీతం బ్యాంకులో.
బావినీళ్ళు ఇప్పటికీ తియ్యగా ఉన్నాయని
సాయంత్రం ఓ సీసా పట్టుకొచ్చాడు.
తాగాను. నిజమే.

రోజుకి ఎన్ని కాయలు వలవాలిరా అని
వాణ్ణి అడగలేదు.
నాలుగో పేజీలో ఉంది, నేనే కొట్టాను.
తాత చెప్పే అంకెకి
రెండు తక్కువ.