కాగితం పరీక్ష

మే నెల. వెల్దుర్తి దాటి మిట్టెక్కేసరికి
నా అంబాసిడర్ మూడోసారి కాగింది.
తడిగుడ్డ వేసి మూత తిప్పినా
నీళ్ళు ఎగిరి చేతిమీదే పడినాయి.
ముంజేతి మీద ఇప్పటికీ ఉంది మచ్చ,
చింతాకంత.

డోన్‌లో రైలుగేటు పక్కన మద్దిలేటి షెడ్డు.
బెల్టును వేలితో నొక్కి
రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసుకొని
అన్నాడు:
"ఈ ఫ్యానుకు సొంత బుద్ధి లేదప్పా.
ఇంజను ఉరికితే ఉరుకుతాది, ఈడిగిలబడితే ఈడిగిలబడతాది.
నీకు గాలి కావాల్సింది మిట్ట మీద, రెండో గేర్లో.
ఇదేమో దిగుడులో ఊపుతాది.
పీకేద్దాం."

పీకినాడు.
నాలుగు ఇనప రెక్కలు, వాటి మీద ముప్పై ఏండ్ల జిడ్డు,
మధ్యలో ఎప్పుడు చిక్కుకుందో ఒక పిచ్చుక ఈక.
నేను ఈకను జేబులో పెట్టుకున్నా, ఎందుకో.

గుత్తి కాడ లారీ గుద్దిన శాంట్రోది కొత్త ఫ్యాను.
కొత్తదంటే మాకు కొత్త.
చెరుకురసం బండి పాత చట్రం కోసి పట్టీలు చేసినాడు,
వాటికింకా బెల్లం వాసన.
రిలే ఎక్కడ బిగించాలో, ఫ్యూజు ఎంతదుండాలో
పాలిటెక్నిక్ రెండో ఏడు చదివే సుంకులమ్మ
వైరు పంటితో ఒలుస్తా నాయనకు చెప్తాంది.
పోయిన నెల క్యాలెండరు కాగితం చింపి
గ్రిల్లు ముందర పట్టింది.
"వెయ్ నాయనా!"
ఏప్రిల్ ఎగిరి రోడ్డు మీద పడింది.

"ఉల్టా!"
ఎర్రవైరు నల్లవైరు అటుదిటు మార్చినారు.
పిల్లోడొకడు ఉరికి కాగితం తెచ్చిచ్చినాడు.
ఈసారి ఏప్రిల్ నెల
ఆదివారాలు, అమావాస్య, అన్నీ కలిపి
గ్రిల్లుకు చప్పున కరుచుకుంది.

"ఊరికే తిరగదు మామా," అంది సుంకులమ్మ,
"తొంభై రెండు డిగ్రీల దాకా ఓర్చుకుంటాది.
ఆ తర్వాత మాత్రం ఎవ్వరి మాటా వినదు.
ఎనభై ఏడుకు దిగితేనే ఊరుకుంటాది."
మూడువేల రెండొందలు. రెండొందలు బాకీ పెట్టినా.

తెల్లారి కర్నూలు మార్కెట్టుకు ఉరుకుందు ఎక్కినాడు.
గోతాలు రాత్రే లారీలో పోయినాయి,
బోరు కింద పండిన ఉల్లిగడ్డ.
పన్నెండేళ్ళుగా అదే ఎడమపక్క సీటు,
అదే తువ్వాల.

పాత రెక్కల రొద లేదు.
వెనక తలుపు గొళ్ళెం టకటకమనడం వినపడింది,
డిక్కీలో పానా దొర్లడం వినపడింది.
ఆ తర్వాత ఆయన గొంతు,
సన్నగా, పెదాల చివర:
"విత్తనం పద్దెనిమిది, మందులు ఇరవై రెండు,
కోత కూలీ పదకొండు, గోతాలు నాలుగున్నర..."
కిందినుంచి పైకి, మళ్ళీ పైనుంచి కిందికి.

అద్దంలో ఆ పెదాలు కదలడం ఎన్నిసార్లు చూసినానో.
పన్నెండేళ్ళు
దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నా.

మధ్యాహ్నం రెండు. యార్డు గేటు కాడ
ఇంజను ఆడిస్తా కూర్చున్నా.
ముల్లు నిదానంగా లేస్తాంది.
టక్ మంది రిలే.
రెక్కలు ఒక్కసారిగా గాలిని లోపలికి గుంజినాయి.

తక్‌పట్టీ చేతిలో పట్టుకొని, దాన్ని చూడకుండా,
కారు ముందరనుంచి నడిచొస్తున్నాడు ఉరుకుందు.
కాగితం వేళ్ళలోంచి జారింది,
పోయి గ్రిల్లుకు కరుచుకుంది,
అంకెలు బయటికి.

దిగబోయినా.
"ఉండనీలే," అన్నాడు.
ఇద్దరం ఆ హోరును వింటా నిలబడినాం,
ఆయన ఎండలో, నేను సగం తెరిచిన తలుపులో.
ఎంత పలికిందో నేను అడగలేదు.

ముల్లు దిగింది. రెక్కలు ఆగినాయి.
కాగితం దానంతటదే రాలి
ఆయన చెప్పు మీద పడింది.
వెంటనే వంగలేదు.