షట్టరు కింద రాయి

కర్నూలు పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు,
కిటికీ పక్క మంచం.
కె.సి. కాలవ మీద ముప్పై ఒక్క ఏళ్ళు
తూములు ఎత్తి దించిన లష్కరు మద్దిలేటి
పచ్చబడ్డ కళ్ళతో నన్నడిగాడు:
"తాగనోన్ని. బీడీ కూడా లేదు.
కాలేయంలో గడ్డ యాడిదమ్మా?"

నేను పీజీ రెండో ఏడు.
రాత్రి చదివింది ఇంకా నాలుక మీదే ఉంది.
చెప్పాను:
కాలేయపు కణం మామూలుగా కునుకులో ఉంటుంది.
దెబ్బ తగిలితే బయటినుంచి కబురొస్తుంది, పెరుగు అని.
గోడమీది కాపలావాడు అందుకుని పక్కవాడికి,
వాడు లోపలివాడికి,
చేయి మారి చేయి మారి
కేంద్రకంలోని రాత దాకా.
గాయం పూడగానే ఇంకో కబురు, చాలు అని.
కోసినా మొలిచే అవయవం అది,
ఎంతవరకు మొలవాలో తెలిసిన అవయవం.

"పెరుగా?" నవ్వాడు.
"మూడు దినాల నుంచి సప్పిడి గంజే పోస్తుండారు."

ఎప్పుడో దూరింది వైరస్.
ఏ ఆరెంపీ సూది, ఏ క్షవరపు కత్తి,
ఏ పురిటి నెత్తురు...
కేసు షీటులో ఆ గడి ఖాళీ.
అది తయారుచేయించే ప్రొటీన్లలో ఒకటి మరీ చిన్నది,
నూటయాభై నాలుగు పూసల దండ.
ఏం చేస్తుందో తెలియక ఎక్స్ అన్నారట,
లెక్కల్లో దొరకనిదాన్ని అన్నట్టు.
అది కణాన్ని చంపదు. తలుపు విరగ్గొట్టదు.
కబుర్లు మోసే చేతుల మధ్య దూరి
ఎవరూ పంపకున్నా పెరుగు అంటుంది.
చాలు అనేవాడి నోటి మీద
చేయి అడ్డం పెడుతుంది.

చానాసేపు పలకలేదు.
కిటికీలోంచి హంద్రి మురుగువాసన.
దుప్పటి మీద అతని చేతులు లేచి
కనపడని చక్రాన్ని తిప్పాయి.

"ఇది నాకు తెలుసు.
పొద్దున ఆరుకు ఫోను వస్తుండ్య, మూసెయ్ అని.
తిప్పుతుంటి. షట్టరు దిగుతుండ్య.
మూసినానని పుస్తకంలో రాస్తుంటి.
నీల్లు మాత్రం పోతానే ఉండ్య.
నెల పట్టింది కనుక్కునేకి.
అడుగున రాయి. పిడికిలంతే.
రేత్రిపూట ఎవడో మునిగి పెట్టిపోయినాడు.
చక్రం బాగుంది, బీగం బాగుంది,
నా రాత కూడా బాగుంది.
పక్క మడులు తెగిపాయ,
కింద ఊర్లు ఎండిపాయ."

ఎవరు పెట్టారు?
"తెలుసు. పేరు రాయలే.
వానికీ పైరుండ్య. వానికీ దప్పి."

తర్వాత నా వైపు తిరిగాడు.
"మీ ఎక్సుకు ఏం కావల్ల?"

గడ్డ కాదు, అన్నాను.
మనిషి పోతే దానికీ ఇల్లుండదు.
తన రాతను కణం చేత రాయించుకోవడమే దానికి కావాలి.
గడ్డ ఆ రాతకు పక్కన తెగిన మడి.
ఇంతలో గుర్తొచ్చింది, చెప్పాను:
రేపు మీ పిల్లలిద్దర్నీ రక్తపరీక్షకు రమ్మనండి.
లేకుంటే సూది వేద్దాం,
ఉంటే మాత్రలున్నాయి, వైరస్ నోరు నొక్కుతాయి.

తలూపాడు. వేళ్ళతో లెక్కపెట్టాడు,
ఇద్దరినే అయినా రెండుసార్లు.

"ఆ రాయిని నేనే తీసినా.
ఊపిరి బిగబట్టి, కండ్లు మూసుకోని,
బురదలో చేత్తో తడుముకుంటా.
మీరు యాడిదంకా దిగినారమ్మా?"

నడుములోతు, అన్నాను.