కోటు జేబు

మేం వాలీబాల్ ఆడిన హాలుకి
పైకప్పు చాలా ఎత్తు.
బంతి ఎంత లేపినా అంటేది కాదు.
సర్వీసు గీత వెనక, సున్నం పెచ్చులూడిన చోట
ఒక దేవదూత కాలివేళ్లు బయటపడ్డాయి, అయిదూ.
కోచ్ వాటి మీద స్కోరుబోర్డు తగిలించాడు.

ఆ ఏళ్లలో ష్కోడర్‌లో దేవుడు లేడు.
చట్టమే అలా రాసింది.
టీచరు చదివి వినిపిస్తే
మేం చప్పట్లు కొట్టాం.

ప్రతి శనివారం మా నానమ్మ ప్రెండా వచ్చేది.
ఆట తెలీదు. ఎవరు గెలిచారని ఒక్కసారీ అడగలేదు.
నల్ల ఉన్ని కోటు, కుడి చెయ్యి జేబులో,
మూడో వరుసలో ఎడమ చివర.
ఒకసారి అక్కడ పోలీసతను కూర్చుంటే
అతని పక్కనే నిలబడి ఉంది, ఆట అయ్యేదాకా.
"నువ్వంటే ఎంత ప్రాణమే మీ నానమ్మకి!"
అనేది మా కెప్టెన్ లియేతా.
నేను నమ్మాను. పొంగిపోయాను.

ఆమె బంతిని చూడనే లేదు.
నెట్టు కట్టిన గుంజకి ఆవల
బలిపీఠం పెకలించి సిమెంటు పూసిన చోటుంది,
దాన్నే చూసేది.
విజిలు మోగితే అందరం లేచేవాళ్లం గదా,
అప్పుడు జేబులో బొటనవేలు కదిలేది.
పైకీ కిందికీ. ఇటూ అటూ.

తాతని తీసుకుపోయింది
ఆలివ్ గింజల జపమాల కోసం.
యాభై తొమ్మిది గింజలు. పిండి డబ్బాలో దొరికాయి.
రాగి గనికి పంపారు, ఎనిమిదేళ్లన్నారు.
మూడో చలికాలం ఆయన టోపీ ఒక్కటే
పోస్టులో ఇంటికొచ్చింది.
నానమ్మ దాన్ని ఉతకలేదు.

ఆ రాత్రి ప్రార్థన చేశావా అని
పెద్దయ్యాక అడిగాను.
"లేదు. తిట్టాను" అంది.
"వారం రోజులు దేవుణ్ణి తిట్టాను.
ఆయన పల్లెత్తు మాట అనలేదు.
ఎనిమిదో రోజుకి నోరు నొప్పెట్టింది.
అప్పుడు పాత మాటలే వచ్చాయి,
వాటికి దారి తెలుసు గదా."

ఆ పాత మాటలూ అరిగిపోతూ వచ్చాయి.
రాసుకోకూడదు, పైకి అనకూడదు,
పక్కింటి గోడకి వినబడకూడదు.
"నానాటికి కావలసిన మా అన్నం" దాకా వచ్చి
ఆగిపోయేది.
క్షమించమనే ముక్క గుర్తు రాదు.
"సరిగ్గా అక్కడే ఆ ముగ్గురూ అడ్డొస్తారు,
పిండి డబ్బా బోర్లించినవాళ్లు.
అది మరుపో, నా మొండితనమో
నాకే తెలీదు పో."

తొంభైలో, నవంబరులో,
శ్మశానంలో పూజ ఉందన్నారు.
జైలు నుంచి వచ్చిన ముసలి గురువు,
ముందు పళ్లు లేవు, మాట ఈలలా వస్తోంది.
సమాధి రాళ్ల మీదికి కూడా ఎక్కారు జనం, వానలో.
అన్ని చేతులూ ఒక్కసారి నుదుటికి లేచాయి.
నానమ్మ చెయ్యి లేవలేదు.
మోచెయ్యి పట్టుకుని లాగబోయాను.
"ఉండవే" అంది,
"దీనికి లోపలే అలవాటు. బయటికి రానంటోంది."

తర్వాత పరలోక ప్రార్థన.
అన్నం దాటింది జనం.
నేను ఆమె పెదాలే చూస్తున్నాను.
ఆగాయి.
గురువు సాగిపోయాడు, జనం సాగిపోయారు,
ఆమేన్ కూడా అయిపోయింది,
గొడుగులు మూస్తున్నారు.
అప్పుడు, ఒక్కతే, వెనకబడ్డ మనిషి
పరుగున వచ్చి బస్సెక్కినట్టు,
ఆ ముక్క అంది.

ఆ కోటు ఇప్పుడు నేను వేసుకుంటున్నాను.
కుడి జేబు అస్తరులో చిరుగుంది, నాలుగు కొసలది.
ఇంటిల్లిపాది చిరుగులూ కుట్టిన మనిషి
దీన్ని కుట్టలేదు.
తాళాలు అందులోంచి జారి
కోటు అంచు దాకా పోతాయి.
నాకు నమ్మకం ఉందా లేదా అని అడక్కండి.
చలికాలం సాయంత్రాలు
గుమ్మం ముందు నిలబడి
ఆ చిరుగులో బొటనవేలు పెట్టి వెతుకుతాను,
పైకీ కిందికీ, ఇటూ అటూ.
తాళాల కోసమే.