దొర బొటనవేలు

మొదటి రంగంలనే సచ్చిపోయే వేషం నాది.
మాటలు లేవు కదా, ఊపిరి బిగవట్టుకుంటే సాలన్నడు సారు.
నల్లగొండ గడియారం సెంటర్ల బ్యాండోళ్ల కాడ
కిరాయికి తెచ్చిన షేర్వాణి,
చంకల ఎవరి పెండ్లి చెమటనో.

కథ గింతే. నిజాం కాలం.
శిస్తు వసూళ్ల నడుమ దొర గుటుక్కుమంటడు.
సచ్చిండని చెప్తే నలభై ఊర్ల లెక్క ఆగుతది.
అందుకే శవాన్ని కుర్సీల కూసోబెట్టి
మూడు దినాలు గడిల కచేరి నడుపుతరు.
ఈగలు తోలనీకి ఒకడు,
ఎనుకనుంచి దారం గుంజి తల ఊపనీకి ఇంకొకడు.

కాయితం వచ్చినప్పుడల్లా
పట్వారీ వేషంల లింగస్వామి నా బొటనవేలు లేపి
సిరాల ముంచి గుద్దుతడు.
ఒక ఊరి కుంట. గుద్దు.
ఒకని పాడిబర్రె, దూడతో సహా. గుద్దు.
ఇంకా పుట్టని పిలగాని పేరు మీద రేపటి వెట్టి. గుద్దు.
హాలంత గొల్లుమంటది.
కండ్లు మూసుకొని లెక్కవెట్టుకుంట:
పదిహేడు గుద్దులు, పదిహేడు నవ్వులు,
పదకొండో దాని కాడ ముక్కు మీద నిజం ఈగ.

ముందు వరుసల మా మెస్ పెంటమ్మ.
అందరు నవ్వుడు ఆపినంక ఆమె మొదలువెట్టింది,
దగ్గినట్టు, బొగ్గులు రాలినట్టు.
నా పెదవి కదిలింది.
శవం నవ్వింది.
లైట్ల కాడి రేష్మా ఆగమాగమై
స్విచ్ ఒత్తింది, నాటకంల లేని చీకటి.

రాత్రి తొమ్మిదిన్నర. మెస్ తలుపు కాడ
వేలు పెట్టే మిషన్.
సబ్బు పెట్టిన, నిమ్మతొక్క రాసిన,
నీలంగనే ఉంది బొటనవేలు.
“సరిపోలలేదు. మళ్లీ ప్రయత్నించండి.”
ఒంటి మీద షేర్వాణి అట్లనే ఉంది,
మీసం ఒకదిక్కు ఊడింది.
“మళ్లీ ప్రయత్నించండి.”
ఎనుక లైన్ల నవ్వులు షురువైనయి:
నలభై ఊర్లను గుద్దిన వేలుకు
పలిగెడు అన్నం పుడ్తలేదని.

పెంటమ్మ గంటె పట్టుకొనే వచ్చింది.
తన వేలు చూపెట్టింది.
పత్తి ఏరి ఏరి, గిన్నెలు తోమి తోమి
గీతలన్ని పోయిన వేలు, వాగుల గులకరాయి లెక్క.
“రేషన్ దుకాణంల మూడు నెలల సంది
నేను సచ్చిపోయిన బిడ్డా.
గందుకే నవ్వొచ్చింది.”
పప్పు పోసింది, ఏ లెక్కల ఎక్కని పప్పు.
కొంచెం మాడింది.

రేపు రెండో ఆట.
శవం నవ్వుడు బాగుంది, ఉంచుదామన్నడు సారు.
ఏ గుద్దు కాడ నవ్వాల్నో మాత్రం
పొద్దుగాల పెంటమ్మనడగాలె.