సైకిల్ పంపు

నాలుగింటికి వస్తది జెరం.
గిరిగిరి ఫైనాన్సు పిలగాని తీరు
ఒక్క పూట తప్పదు.
శివనగర్ గల్లీల నల్లా బందయ్యే యాళ్లకు
నా ఎన్నుపూస మీద చెయ్యేసి
"ఇయ్యాల్టిది ఇయ్యి లింబాజీ" అంటది.
ఇస్తా.
బనీను పిండితె లోటెడు చెమట.
తెల్లారంగ ఏం ఎరుగనట్టు పోతది,
నేను లేసి కత్తి నూరుకుంట.

మలేరియా అన్నడు ఒకడు.
హన్మకొండల ఇంకొకడు టైఫాయిడ్ అని
సెలైన్ ఎక్కిచ్చి పన్నెండు వందలు తీసుకున్నడు.
జానాబాయి దిష్టి తీసి
మిరపకాయలు పొయ్యిల ఏసింది.
"ఘాటు రాలే, చూసినవా, దిష్టే."

మూడు నెలలు.
ఆదివారం ముప్పై జీవాలు కోసేటోన్ని
పదికే కూలవడుడు మొదలువెట్టిన.
ఒక్కడన్న అడగలే, ఏం పని చేస్తవని.

ఎంజీఎంల రక్తం గుంజే పిల్ల అడిగింది
సూది సదురుకుంట, తల ఎత్తకుంటనే,
"పనేందన్నా?"
చెప్పిన.
అప్పుడు తల ఎత్తింది.

ఇరువై ఏండ్ల సంది
మోచేతుల దాక నెత్తురు చూసినోన్ని,
ఆ సిన్న సీసల నాది ఎక్కుతాంటె
మొకం గోడకు తిప్పుకున్న.

వారానికి కాయితం వచ్చింది.
దాని పేరు నా నోట్లె తిరగలే.
గొర్లది, మేకలది, మనిషికి అంటుతదట.
మావిల ఉంటదట, నెత్తుర్ల ఉంటదట,
చేతి గాట్లల్లకెల్లి జొరబడ్తదట.
ఆరు వారాలు గోలీలు. నడుమ ఆపొద్దు.

ఆటో ఎక్కంగ యాదికచ్చింది
దసరా ముందటి పర్కాల అంగడి,
ఎర్ర గొర్రె, తోక కింద తడి.
సగం ధరకిచ్చిండు కొంరెల్లి.
ఎందుకో నేనడగలే.
ఈసుకపోయిందని ఆయన చెప్పలే.
ఇద్దరికీ ఎరుకే.
మందల సగం ఈసుకపోతె
ఆయన మాత్రం ఏం తింటడు.

కోసిన.
ఎనుక కాలు కాడ గాటువెట్టి నోటితోని ఊదిన.
తాత ఊదిండు, బాపు ఊదిండు,
తోలు మాంసం మీదికెల్లి బుగ్గ లెక్క లేస్తది.
నా గాలి దాని తోలు కిందికి పోయింది.
దాని జెరం ఎటుకెల్లి వచ్చిందో
ఇగ అడిగేదేమున్నది.

పశువుల సారు మాంసానికి ఊదా ముద్ర గుద్దుతడు,
తొడకొకటి, జబ్బకొకటి.
నా దిక్కు చూడడు.
చూసినా ఏడ గుద్దుతడు.

జానాబాయికి చెప్పలే మొదలు.
బోటి కడిగేది ఆమెనే.
వేళ్ల సందులు ఎప్పుడూ పాసే ఉంటయి.
ఉగాదికి మూడో నెల్ల జారిపోయింది,
బొప్పాయి తిన్నవని మా అవ్వ
నెల రోజులు తిట్టింది.
ఆ మాట ఎట్ల ఎత్తాల్నో తెల్వక
ఊకనే ఆటో ఎక్కిచ్చిన.
ఆమె గోడ దిక్కు తిరగలే.
సీస నిండేదాక సీసనే చూసింది.

గోలీలు మొదలై తొమ్మిదో రోజు, ఆదివారం.
ఇంకా చీకటే.
మున్సిపాలిటోళ్ల తొడుగులు కొక్కానికి ఏలాడుతున్నయి,
ఏసుకుంటె కత్తి జారుతదని.
మా అక్క కొడుకు తానాజీ
కాలు దొరకవట్టి వంగిండు, నోరు తెరిసి.
"ఆగురా" అన్న.
సంచిలకెల్లి సైకిల్ పంపు తీసిన.

కబేళా అంత నవ్వింది.
"మామకు దమ్ము సాల్తలేదు!"
నేను గూడ నవ్విన, ఏం జేస్త.
తానాజీ పంపు కొడుతున్నడు, కుస్సు కుస్సుమని.
తోలు లేస్తాంది, ఒక దిక్కే, సొట్టగ.
"ఇంకో నాలుగు కొట్టు" అన్న.

ఐదు కావచ్చింది.
దాని టైముకు
ఇంక పదకొండు గంటలున్నది.